ఆలోచించుకుని చెబుతాను

మోర్గన్‌టౌన్
ఆగస్టు 24

ఓర్ఫా అత్తకి,

ఇవాళే రాయకపోతే ఇక లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. వచ్చే నెలాఖరులో ఎల్కిన్స్‌లో ఒక జడ్జిగారు నన్ను ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తామన్నారు. ఆ రోజు వేసుకోవలసిన కోటు ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. చర్చి వాళ్ళు పాత బట్టలు అమ్ముతుంటే కొన్నాను. భుజాలు వెడల్పు, చేతులు పొడవు. నువ్వు సరిచేసి తిరిగి పంపడానికి టైం పడుతుంది కదా. ఇది ఒక కారణం. రెండోది ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేనిది. నాకు మాట రావడం లేదు.

నిన్న కాలేజీలో ఉద్యోగాల సలహాదారు ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టింది. నేను మాట్లాడినదంతా వీడియో తీసి, తర్వాత నాకే చూపించింది. అత్తా, అందులో ఉన్న మనిషిని చూస్తే నాకే జాలేసింది. ప్రతి జవాబుకీ ముందొక సారీ, వెనకొక సారీ. కళ్ళు బల్ల మీద. చివరికి ఆవిడ మెల్లగా చెప్పింది. "నీ జవాబులన్నీ మంచివే, లీటా. కానీ పొరపాటున చేతిలోకొచ్చిన పరాయి వస్తువులా ఒక్కొక్కదాన్నీ నాకు తిరిగి ఇచ్చేస్తున్నావు."

నా గదిలో ఉండే బ్రిన్ గురించి ఇదివరకు రాశాను. వాళ్ళ నాన్న లాయరు, తాత లాయరు. వాళ్ళింట్లో అన్నాల దగ్గరే వాదించుకుంటారట, గెలిచినవాళ్ళకి ఇంకో ముక్క కేకు. మంచి పిల్లే. కాలేజీ తరఫున ప్రొఫెసర్ డన్‌లెవీ నడిపే ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో మా ఇద్దరినీ జంటగా వేశారు. కాగితాలన్నీ నేను రాస్తాను, మాట్లాడేదంతా తను మాట్లాడుతుంది. మా దగ్గరికొచ్చే వాళ్ళు నన్ను తన టైపిస్టు అనుకుంటారు. నేనూ కాదనను.

ఈ ఉద్యోగం ఏమిటంటే, ఏడాది పాటు జడ్జి దగ్గర లా క్లర్కుగా ఉండడం. రెండు పక్షాల వాళ్ళూ ఇచ్చిన కాగితాలు చదవాలి, చట్టం ఏమంటోందో వెతకాలి, జడ్జి చూసుకోవడానికి తీర్పు చిత్తుప్రతి రాయాలి. ఇది చేసినవాళ్ళకి ఆ తర్వాత ఏ ఆఫీసు తలుపైనా తెరుచుకుంటుందంటారు. బ్రిన్ కూడా ఈ జడ్జికే దరఖాస్తు పెట్టింది, పిలుపు రాలేదు. నాకు వచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగిందని రోజూ అనుకుంటున్నాను.

ఫోన్ చేద్దామంటే నువ్వు "ఆ? ఆ?" అంటావు, నేను హాస్టలంతా వినబడేలా అరవాలి. అందుకని ఉత్తరమే. నాన్నకి ఇప్పుడే చెప్పకు. ఆయన దుంగల లారీ ఆపిన ప్రతి చోటా చెబుతాడు.

నీ
లీటా

•

మిల్ రన్ లోయ
ఆగస్టు 31

లీటా పిల్లకి,

కోటు అందింది. ఎవరిదే ఇది, ఎలుగుబంటిదా? భుజాలు విప్పి మళ్ళీ కుట్టా. లోపలి గుడ్డ చిరిగిపోయుంటే మన వంటింటి పాత నీలం కర్టెన్ ముక్క వేశా. పైకి కనపడదులే. జడ్జి లోపలికి తొంగి చూస్తే మాత్రం మన పరువు పోయినట్టే.

ఇంతకీ క్లర్కంటే గుమాస్తాయే గదా? ఇంత చదివీ గుమాస్తా పనేమిటని నేను దిగులుపడుతుంటే, పక్క పొలం హార్లన్ చెప్పాడు, జడ్జి దగ్గర గుమాస్తా అంటే చిన్న జడ్జి కిందే లెక్కని. వాడి మాట ఎంత నమ్మొచ్చో తెలీదు. నేను వంట బాగా చేస్తానని కూడా అంటాడు వాడు.

నీకు మాట రాదని ఎవరన్నారు? పన్నెండేళ్ళప్పుడు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఎవరు? ఆయన గోడకేసి తిరిగి ఏదో రాసుకుంటూ గొణుగుతుంటే నువ్వు లేచి నిలబడి, "డాక్టరుగారూ, మా అత్తకి మీ మొహం కనపడాలి. ఇటు తిరిగి మళ్ళీ చెప్పండి" అన్నావ్. తిరిగాడు. మళ్ళీ చెప్పాడు. ఇంటికొచ్చేదాకా నేను నవ్వుతూనే ఉన్నా.

కాబట్టి ఒక పని చెయ్. ఆ జడ్జికి నా అంతే చెవుడనుకో. మొహం ఎత్తు. పెదాలు దాచుకోకు. గుక్క తిప్పుకుని ఒక మాట చెప్పు, అది చేరాక ఇంకోటి చెప్పు. అక్కర్లేని మాట ఒక్కటీ కలపకు. చెవిటిదానికి సారీలు చెప్పి గుక్క పాడుచేసుకునే వాళ్ళెవరైనా ఉంటారా?

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. చలికాలానికని బీన్స్ డబ్బాలకెత్తా. నేను పనిచేసిన కోత మిల్లు తరఫున తెల్ల బండిలో ఒకడొచ్చి నా చెవుల గురించి ఏదో మాట్లాడి వెళ్ళాడు. ఆపిల్ పొరల కేకు పెట్టా. రెండు ముక్కలు తిన్నాడు. అంతే.

మీ అత్త
ఓర్ఫా

•

మోర్గన్‌టౌన్
అక్టోబర్ 1

ఓర్ఫా అత్తకి,

కోటు సరిగ్గా సరిపోయింది. నువ్వు చెప్పినట్టే చేశాను. అసలు కథ ఆ తర్వాత ఉంది. నిదానంగా చదువు.

జడ్జి స్టాల్నేకర్ పొట్టిగా ఉండే ఆవిడ. కళ్ళజోడు గొలుసుకి కట్టి మెడలో వేసుకుంటారు. బల్ల మీద సగం తిన్న శాండ్‌విచ్ ఉంది. నేను కూర్చుని, మొహం ఎత్తి, ఆవిడ స్థానంలో నిన్ను ఊహించుకుని మొదటి మాట చెప్పాను. అది కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, బయట గదిలో ఉన్న సెక్రటరీ తలుపు తోసి చూసింది. జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను రాసి పంపిన వ్యాసం తీసి, ఒక పేరా దగ్గర వేలు పెట్టి, ఇది తప్పన్నారు. నేను ఒక గుక్క ఆగి, కాదనుకుంటున్నానని చెప్పాను. ఎందుకు కాదో చెప్పాను. సారీ రాలేదు, అత్తా. దాని చోటు ఖాళీగా ఉండడం నాకే తెలిసింది.

ఆవిడ నా పేరా మళ్ళీ చదువుకున్నారు. తర్వాత కాగితాలు పక్కకి జరిపి, "ఉద్యోగం నీది. తీసుకుంటావా?" అన్నారు.

నేను, "ఆలోచించుకుని చెబుతానండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "ఏమన్నావు?"

విన్నారో లేదో అనుకుని, ఇంకాస్త స్పష్టంగా మళ్ళీ అదే చెప్పాను. ఆవిడ క్యాలెండర్ చూసి, "పదమూడో తేదీ సాయంత్రంలోగా ఫోన్ చెయ్యి" అన్నారు. నేను థాంక్స్ చెప్పి, చెయ్యి కలిపి వచ్చేశాను. బస్సులో బిస్కెట్లు తింటూ, ఎంత చక్కగా మాట్లాడానో అనుకుంటూ వచ్చాను. నా తెలివి చూడు.

మర్నాడు ప్రొఫెసర్ డన్‌లెవీకి చెబితే ఆయన లేచి వెళ్ళి తలుపు మూశారు. జడ్జి ఉద్యోగం ఇస్తానంటే అక్కడికక్కడే అవునంటారట. కాదనరు, ఆగమనరు. అవునని చెప్పే ఉద్దేశం లేకపోతే అసలు ఇంటర్వ్యూకే వెళ్ళరట. ఇది ఎక్కడా రాసి ఉండదు కానీ అందరికీ తెలుసట. నాకు ఎవరూ చెప్పలేదండీ అన్నాను. "చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదమ్మా" అన్నారు ఆయన. కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు. ఆ జడ్జికి నా గురించి ఉత్తరం రాసింది ఆయనే. ఇక మీదట మా కాలేజీ పిల్లల్ని ఆవిడ పిలవకపోతే ఆ నష్టం నాతో పోదు. వెంటనే ఫోన్ చేసి, తప్పయిందని చెప్పి ఒప్పుకోమన్నారు.

గదికొచ్చి బ్రిన్‌కి చెప్పాను. నవ్వీ నవ్వీ మంచం మీద కూలబడింది. "జడ్జినే వెయిటింగ్‌లో పెట్టావా? మా తాత వింటే కుర్చీలోంచి పడతాడు" అంది. తర్వాత నా మొహం చూసి లేచింది. నాకు టీ పెట్టి ఇచ్చింది.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను. ఎందుకో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మన లోయలో పెద్ద మాట ఎవరైనా అడిగితే, వెంటనే అవునన్నవాణ్ణి తేలిక మనిషంటారు. ఆలోచిస్తాననడం అడిగినవాళ్ళకిచ్చే గౌరవం. అలవాటు కొద్దీ అది నా నోటి నుంచి వచ్చిందనుకుంటే నాకు బాధ లేదు. కానీ రోజూ పడుకునే ముందు ఇంకో అనుమానం వస్తోంది. నిజంగా మర్యాద కోసమే అన్నానా, భయపడి పొదలో కుందేలులా నక్కానా? అక్కడికెళ్తే వారంలో బయటపడిపోతాను, నాకేమీ రాదని తెలిసిపోతుందని నాలో ఎవరో అంటున్నారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. లోపల ఉన్న నాకే తేడా తెలియడం లేదు.

నేనేం చెయ్యాలో చెప్పు. పదమూడుకి ముందే నీ ఉత్తరం అందాలి.

లీటా

•

మిల్ రన్ లోయ
అక్టోబర్ 5

లీటా పిల్లకి,

ఆపిల్ బటర్ కాచే పని మధ్యలో రాస్తున్నా. చర్చి వెనక పొయ్యి మీద ఆపిల్ ముక్కలతో రాగి కాగు పెట్టారు, తెడ్డు తిప్పడం హార్లన్‌కి అప్పజెప్పి వచ్చా. అడుగంటితే వాడిదే పాపం.

ఏం చెయ్యాలో నేను చెప్పను. నన్ను అడగలేదు జడ్జి, నిన్ను అడిగింది.

ఆ మాట నీకు నేర్పింది నేనే, కాబట్టి దాని సంగతి చెబుతా. ఆలోచిస్తానన్నవాళ్ళు ఆలోచించాలి. ఆవుని కొనేవాడు కొట్టం దాకా నడిచెళ్తాడు. వెనక నిలబడి చూస్తాడు, పక్కన నిలబడి చూస్తాడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, మేత ఎట్లా మేస్తుందో చూస్తాడు. ఆ తర్వాత కొంటాడో మానతాడో వాడిష్టం. మంచం మీద పడుకుని దిగులుపడ్డాన్ని మనింట్లో ఆలోచించడం అనరు. నీ ఉత్తరం మళ్ళీ చదివా. జడ్జి శాండ్‌విచ్ గురించి రాశావ్, ప్రొఫెసర్ తలుపు గురించి రాశావ్. నువ్వెళ్ళి చూసిందేమిటో ఒక్క ముక్క రాయలేదు. ఏం చూశావే?

భయమా మర్యాదా అని అడిగావ్. నాకు తెలీదు. చూసొచ్చాక నీకే తెలుస్తుంది. చూడకుండా పదమూడో తేదీ దాకా కూర్చుంటే మాత్రం అది కుందేలే.

ఇంకో సంగతి. హార్లన్ నన్ను పెళ్ళాడమని అడిగిననాడు నేనూ ఆలోచించుకుని చెబుతాననే అన్నా. అది మొదటి గడ్డికోత రోజులు. ఇప్పటికి ముప్ఫై గడ్డికోతలు అయ్యుంటాయ్. వాడు కట్టెలు తెచ్చి పడేస్తూనే ఉన్నాడు, నేను ఆలోచిస్తూనే ఉన్నా. కాబట్టి గడువు పెట్టిన మీ జడ్జి నాకు నచ్చింది.

మీ ప్రొఫెసర్‌ని కంగారుపడొద్దను. అడగ్గానే సరేననకపోతే ఈ కాలం జనాలకి నచ్చదు. నేనూ ఈ మధ్య ఒకడికి రెండుసార్లు అదే మాట చెప్పా, వాడూ మొహం ముడుచుకున్నాడు.

కాగు దగ్గర నుంచి వాసన వేరేగా వస్తోంది. వెళ్తున్నా.

ఓర్ఫా

•

మోర్గన్‌టౌన్
అక్టోబర్ 14

ఓర్ఫా అత్తకి,

నీ ఉత్తరం చదివిన మర్నాడు పొద్దున్నే ఎల్కిన్స్ బస్సెక్కాను. కోర్టు గదిలోకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, అడిగేవాళ్ళుండరు. మూడేళ్ళుగా చట్టం చదువుతున్నాను, ఈ సంగతి తరగతిలో చెప్పారు కూడా. నా కోసం వెళ్ళవచ్చని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. మధ్యాహ్నం బయటికెళ్ళి రొట్టె తిని, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే అన్ని వైపుల నుంచీ చూశాను. జడ్జిగారు మాట కలవనివ్వరు, ఒకరు ముగించాకే ఇంకొకరు. ఒక ముసలాయన సాక్ష్యం చెబుతూ కిందికి చూసి గొణుగుతుంటే, "సాక్ష్యం రాసుకునే కోర్టు రిపోర్టర్‌కి మీ మొహం కనపడాలి, ఇటు తిరగండి" అన్నారు. నువ్వు అక్కడ ఉంటే నా డొక్కలో పొడిచి ఉండేదానివి. బాగా ఖరీదైన కోటు వేసుకున్న లాయరొకాయన చాలాసేపు మాట్లాడాడు. ఆయన చెప్పిన కేసు పాతబడిందని, దాన్ని పై కోర్టు మార్చిందని నాకు తెలుసు. కిందటి నెలే చదివాను. ఎవరూ అనడం లేదేమిటని నాకు లోపల తొందర. అప్పుడు జడ్జిగారి పక్కన కూర్చున్న కుర్రాడు, ఇప్పటి లా క్లర్కు, చిన్న చీటీ రాసి జరిపాడు. అతని చెయ్యి వణకడం వెనక బెంచీకి కూడా కనబడింది. జడ్జిగారు అది చదివి, "లాయరుగారూ, ఆ తీర్పు ఇంకా చెల్లుతుందంటారా?" అని అడిగారు. ఆయన తన కాగితాలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ చీటీ నేనూ రాయగలను. నా చెయ్యీ వణుకుతుంది. వణికినా చీటీ చేరుతుంది. అతనికి భయం లేదని కాదు, అతను భయంతోనే పనిచేస్తున్నాడు. భయపడడం, వద్దనుకోవడం రెండూ ఒకటేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ బెంచీ మీద కూర్చుంటే రెండూ విడిపోయాయి. నాకు భయంగానే ఉంది. ఆ కుర్చీ మాత్రం నాకు కావాలి.

నిన్న ఫోన్ చేశాను. నిలబడి చేశాను, కిటికీకేసి మొహం ఎత్తి. నా పేరు చెప్పగానే ఆవిడ, "బుధవారం వెనక బెంచీలో ఉన్నది నువ్వే కదూ" అన్నారు. అవునండీ అన్నాను. ఎందుకొచ్చావన్నారు. ఆలోచించుకుంటానని మీకు చెప్పాను కదండీ, చూడకుండా ఎలా ఆలోచిస్తాను, మా ఇంట్లో పెద్దది ఏది తీసుకోవాలన్నా ముందు వెళ్ళి చూసి వస్తారండీ అని చెప్పాను. ఆవు సంగతి చెప్పలేదులే.

ఆవిడ, "నేను చూడ్డానికి పిలిచినవాళ్ళే కానీ, నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు" అన్నారు. "సరే, ఏం తేల్చుకున్నావు?"

"ఉద్యోగం నాకు కావాలండీ. ఒక ప్రశ్న ఉంది. మీరు రాసింది తప్పనిపిస్తే నేను చెప్పవచ్చా?"

"నేను సంతకం పెట్టేలోపు చెప్పు, కాగితం మీద రాసి చెప్పు. పెట్టాక నీలోనే ఉంచుకో." ఆ తర్వాత ఇంకో మాటన్నారు. ఈ మధ్యలో ఇంకొక అబ్బాయిని కూడా చూశారట. "ఆ అబ్బాయి అవునన్నాడు. అప్పటికి నేనింకా ఏమీ అడగలేదు" అన్నారు. వచ్చే ఆగస్టులో రమ్మన్నారు. గదిలో హీటరు వయసులో తన కంటే పెద్దదట, మంచి కోటు తెచ్చుకోమన్నారు. ఉందండీ అన్నాను.

ప్రొఫెసర్ డన్‌లెవీకి చెబితే కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూశారు. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకన్నారు. మాట ఇవ్వలేనండీ అన్నాను. అప్పుడు నవ్వారు, కొంచెమే.

నాన్నకి చెప్పు ఇక. లారీ ఎక్కడ ఆపినా ఫరవాలేదు.

ఇక నా వంతు, అత్తా. నీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది. ఈ మధ్య ఒకడికి రెండుసార్లు అదే మాట చెప్పానన్నావు. ఎవరికి? అతను ఏం అడిగాడు? ఆగస్టులో తెల్ల బండి మనిషి గురించి మూడు ముక్కల్లో రాసి "అంతే" అన్నావు. నువ్వు "అంతే" అన్నచోట అంతటితో అయిపోయినది నేనెప్పుడూ చూడలేదు. అతనేనా ఇతను? నీ చెవులు ఇప్పుడెలా ఉన్నాయి? హార్లన్‌ని అడిగితే చెబుతాడని తెలుసు. నిన్నే అడుగుతున్నాను.

లీటా

•

మిల్ రన్ లోయ
అక్టోబర్ 21

లీటా పిల్లకి,

జడ్జి పళ్ళు ఎట్లా ఉన్నాయో రాయలేదేం?

మీ నాన్నకి చెప్పా. బయటికెళ్ళి లారీ కడిగాడు. కడిగిన లారీనే మళ్ళీ కడిగాడు. ఆదివారం చర్చిలో పాస్టరు నీ పేరు చదివాడు. నాకు వినపడలా. అందరూ నా వైపు తిరిగితే అర్థమైంది.

ఇక నువ్వు అడిగింది. వాడే. కుడి చెవి ఈ వసంతంలో పూర్తిగా పోయింది. ఎడమది తలుపు చాటు నుంచి విన్నట్టుంటుంది. కెటిల్ నీళ్ళన్నీ ఇంకి మాడేదాకా కూత వినపడలా. చర్చిలో పాట మొదలైందని పక్కావిడ పుస్తకం తెరిస్తే తెలుస్తోంది. వాళ్ళు ఏ వరస దగ్గరున్నారో తెలీక పెదాలు మాత్రం ఆడిస్తున్నా. రంపం పక్కన అన్నేళ్ళు నిలబడితే ఇంకేమవుతుంది. మిల్లులో అందరికీ ఇంతే, నాకొక్కదానికే కాదు.

డాక్టరు కాగితాలు మిల్లుకి పంపాడు. వాళ్ళు ఈ మనిషిని పంపారు. మర్యాదస్తుడే. ఇప్పటికి మూడుసార్లొచ్చాడు. ఒక కాగితం తెస్తాడు. సంతకం పెడితే కొంత డబ్బిస్తారట, ఆ తర్వాత చెవుల గురించి నేను మిల్లుని ఇంకేమీ అడక్కూడదట, ఎప్పటికీ. లాయరెందుకమ్మా, దండగ, మన మధ్యలోనే తేలిపోయేది అంటాడు. ఆలోచించుకుని చెబుతానన్నా. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే అన్నా. పోయినసారి కలం మూత తీసి నా చేతిలో పెట్టాడు. వచ్చే నెలాఖరున జింకల వేట మొదలయ్యేలోపు తేల్చకపోతే ఈ కాగితం ఇక ఉండదన్నాడు. వాడు మాట్లాడేటప్పుడు కిందికి చూసి చదువుతాడు, సగం నాకు అందదు. అడిగితే మళ్ళీ చెబుతాడు, మళ్ళీ కిందికి చూసే.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే ఆ జడ్జికి వద్దని చెప్పి ఇంటికొచ్చేసేదానివి. ఇప్పుడు ఒప్పుకున్నావు కాబట్టి చెబుతున్నా. నాకు ఓపిక పోయిందే. సంతకం పెట్టేసి ఊరుకుందామనుంది. చెవులు ఎట్లాగూ తిరిగి రావు గదా.

కేకు మాత్రం వాడికి బాగా నచ్చింది.

ఓర్ఫా

•

మోర్గన్‌టౌన్
అక్టోబర్ 26

ఓర్ఫా అత్తకి,

నీ ఉత్తరం పోస్టు డబ్బాల దగ్గరే నిలబడి చదివాను. ఒక సాయంత్రమంతా నీ మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు లేదు. నిదానంగానే రాస్తున్నాను, ఒక మాట తర్వాత ఒకటి.

సంతకం పెట్టకు. అతను మళ్ళీ వస్తే కేకు పెట్టు, కలం మాత్రం తీసుకోకు. "నా తరఫున మాట్లాడేవాళ్ళున్నారు, వాళ్ళతో చెప్పండి" అను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. అక్కర్లేని మాట కలపవద్దని నువ్వే అన్నావు.

నేనింకా లాయరుని కాను. లాయరునైనా నీ పని నేను ముట్టుకోకూడదు, మేనకోడల్ని కాబట్టి. ఈ రెండూ ప్రొఫెసర్ డన్‌లెవీ దగ్గరికి వెళ్ళి నేనే చెప్పాను. మా కేంద్రం నీ కేసు తీసుకుంటుందా అని అడిగాను. ఆయన నీ ఉత్తరంలో ఆ భాగం చదవమన్నారు, చదివి వినిపించాను. కలం మూత తీసి చేతిలో పెట్టిన చోట ఆపమని, మళ్ళీ చదవమన్నారు. తర్వాత తీసుకుంటామన్నారు. "మీ అత్త ఆలోచించుకుని చెబుతాననకుండా ఉంటే ఆ సంతకం ఈ పాటికి అయిపోయి ఉండేది" అని కూడా అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకు బాగుంది. నీకు అందాలని రాస్తున్నాను.

డబ్బు ఎంత రావాలో, వస్తుందో రాదో నేను చెప్పను. తెలియకుండా చెప్పడం తప్పు. నాకు తెలిసింది ఒక్కటే. చెవులు తిరిగి రావన్నది నిజమే కానీ, ఎడమ చెవి ఇంకా ఉంది. దానికి కావలసిన వినికిడి మిషను, రేపు అది కూడా పోతే కావలసినది, ఆ కాగితం మీద సంతకం పెట్టాక నువ్వు ఎవరినీ అడగలేవు. మిల్లులో అందరికీ ఇంతే అన్నావు. అయితే అందరి తరఫునా అడగాలి, నిన్ను వదిలెయ్యడానికి అది కారణం కాదు.

నీ తరఫున బ్రిన్ మాట్లాడుతుంది. ప్రొఫెసర్ పక్కనే ఉంటారు, ఆయన ఉంటే మాలాంటి విద్యార్థులు మాట్లాడవచ్చు. కంగారుపడకు, బ్రిన్‌కి రెండు రోజుల నుంచి నేర్పుతున్నాను. మొహం ఎత్తమంటే కాగితంలోకి చూస్తుంది, ఆగమంటే పరుగెత్తుతుంది. నిన్న నేను చెవుల్లో దూది పెట్టుకుని ఎదురుగా కూర్చుని, అందలేదు మళ్ళీ చెప్పమన్నాను, ఆమె ఏడుపు మొహం పెట్టేదాకా. "మా ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినలేదు లీటా, ఊరికే వాదించుకున్నాం" అంది చివరికి. ఇప్పుడు బాగానే చెబుతోంది. అన్నట్టు, పోయిన వారం ఇంటివాడు ఖాళీ చేయించబోయిన ఒకావిడ తరఫున మేజిస్ట్రేట్ ముందు నేను నిలబడి మాట్లాడాను. బ్రిన్ కాగితాలు పట్టుకుంది. ఆవిడ తనని నా టైపిస్టనుకుంది.

నవంబర్ తొమ్మిదిన రా. ఆ కాగితం తీసుకురా, హార్లన్‌ని తీసుకురా. ఒక జవాబు కోసం ముప్ఫై గడ్డికోతలు ఆగినవాడు నీ కోసం మూడు గంటలు బండి నడపలేడా. నువ్వు బ్రిన్‌తో మాట్లాడుతుండగా నేను గదిలో ఉండకూడదు. తలుపు బయట బెంచీ మీద కూర్చుంటాను. తలుపుకి అద్దం ఉంది, నీ మొహం నాకు కనపడుతుంది.

ఇదంతా నా మాట. సంతకం నీది. నన్ను అడగలేదు మిల్లు, నిన్ను అడిగింది. అందుకే ఆలోచించమనే చెబుతున్నాను. కానీ మనింట్లో ఆలోచించడమంటే ఏమిటో నువ్వే నాకు రాశావు. అలిసిపోయి వంటింట్లో కూర్చోవడం కాదు. వచ్చి చూడు. బ్రిన్‌ని అన్ని వైపుల నుంచీ చూడు, కావాలంటే పళ్ళు కూడా చూడు. ఆ తర్వాత వద్దంటే వద్దు, నేను ఒక్క మాట అనను.

ప్రొఫెసర్ ఆ రోజు నీ కోసం ఖాళీ ఉంచాలంటే ముందుగా తెలియాలి. వస్తున్నావో లేదో ఒక్క ముక్క రాయి. నవంబర్ నాలుగో తేదీలోగా నాకు అందాలి.

నీ
లీటా